పంచాయతీ చిన్న యంత్రములు – ఇథనాల్ కలిసిన పెట్రోలు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో ప్రస్తావింపదలచిన విషయము చూచుటకు చాల చిన్నది. రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, పాఠశాల – ఇట్టి పెద్ద విషయముల నడుమ పెట్రోలు డబ్బాను గురించి ఒక ఉపన్యాసమా యని కొందరికి తోచవచ్చును. కాని పంచాయతీ సొమ్ము ఇట్టి చిన్న కన్నముల గుండనే ఎవరికిని తెలియకుండ కారిపోవుచుండును. ఒక్కొక్కప్పుడు సొమ్ముతో పాటు మనుష్యుల ఆరోగ్యము కూడ దీనితో ముడిపడి యుండును.

మీ పంచాయతీ కార్యాలయపు వెనుకగదిలో ఏయే యంత్రములున్నవో ఒక్కసారి జ్ఞాపకము చేసికొనుడు. దోమలకు పొగవేయు ఫాగింగు యంత్రము ఉండును. దారుల ప్రక్కను, బడి ఆవరణలోను, శ్మశానవాటికలోను పెరిగిన గడ్డిని, పొదలను కోయు బ్రష్ కట్టరు ఉండును. గాలివానకు కూలిన చెట్లను కోయు మోటారు రంపము కొన్ని ఊళ్లలో ఉండును. రైతులు తైవాన్ పంపు అని పిలుచు పవర్ స్ప్రేయరు, నీరు తోడు చిన్న పెట్రోలు ఇంజను, చిన్న జనరేటరు కొన్నిచోట్ల గలవు. పల్లె ప్రకృతి వనములు, నర్సరీలు ఉన్న గ్రామములలో పచ్చిక కోయు యంత్రము కూడ చేరినది. ఇవి అన్నియు పెట్రోలుతో నడచునవే. ఆ పెట్రోలు నేడు పదేండ్ల నాటి పెట్రోలు కాదు. దానిలో నూటికి 20 పాళ్లు ఇథనాల్ అను మద్యసారము కలిసి యున్నది. ఈ మార్పును గుర్తింపక పాత అలవాటు చొప్పున యంత్రములను వాడుటవలన కలుగు నష్టమును గురించియే నేడు చెప్పదలచినాను.

ఒక ఊరి సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఊరినుండి కబురు వచ్చినది. వానలు పట్టి పది దినములైనది. రెండు వీధులలో జ్వరములు మొదలైనవి. ఒక బాలికకు డెంగ్యూ అని పట్టణపు ఆసుపత్రిలో నిర్ణయించిరి. వెంటనే పొగ వేయవలెనని సర్పంచి ఉత్తరువు చేసెను. యంత్రమును బయటకు తీసిరి. అది ఎంతకును అంటుకొనలేదు. బాటరీ మార్చిరి, ప్లగ్గు మార్చిరి. కొన్నవాడు మోసము చేసెనని ఒకరు, పెట్రోలు బంకువాడు కల్తీ చేసెనని ఒకరు, పనివాడు పాడుచేసెనని ఒకరు అనిరి. ఆ పనివాడు తలవంచుకొని మూలను నిలువబడి యుండెను.

నేను ఆ యంత్రపు టాంకులోని పెట్రోలును ఒక గాజుసీసాలోనికి వంచి పది నిమిషములు కదల్పక ఉంచినాను. సీసాలో రెండు పొరలు ఏర్పడినవి. పైన పసుపు వన్నె పెట్రోలు, అడుగున తేటగా మరియొక ద్రవము. అడుగునది నీరును మద్యసారమును కలిసిన ద్రవము. గడచిన సంవత్సరము కార్తికములో పని ముగిసిన పిమ్మట మిగిలిన పెట్రోలును తీయక, మూత సరిగా బిగింపక, వాన జల్లు కొట్టు వసారాలో ఆ యంత్రమును ఉంచిరి. తప్పు బంకువానిది కాదు; పనివానిది కూడ కాదు, ఏలయన అతనికి ఎవ్వరును చెప్పలేదు. యంత్రమును బాగుచేయించి పొగ వేయునప్పటికి ఇంకను ఆరు దినములు గడచినవి. ఆ ఆరు దినములలో జ్వరములు మూడవ వీధికి కూడ ప్రాకినవి. పొగ ఒక్కటే దోమలను ఆపజాలదు, నిలువ నీరు తొలగించుటయే ముఖ్యము. ఐనను అవసరమునకు పనికిరాని యంత్రము పంచాయతీకి తలవంపు కదా!

ఈ ఇథనాల్ ఎట్లు వచ్చినది?

మద్యసారమును పెట్రోలులో కలుపుట క్రొత్త ఆలోచన కాదు. మన దేశములో 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టము ఒకటి చేయబడినది. తరువాత చాలకాలము ఆ ప్రయత్నము మందగించినది. 2000లో ఆ చట్టమును రద్దు చేసిరి. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రములలో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతములలో నూటికి 5 పాళ్ల ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకము మొదలైనది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఆ తొమ్మిదింటిలో నొకటి. 2018లో జాతీయ జీవ ఇంధన విధానము వెలువడినది. 2022 జూన్ నాటికి దేశమంతటి సగటున 10 పాళ్లకు చేరినది. 2023 ఫిబ్రవరిలో 20 పాళ్ల పెట్రోలు అమ్మకము ఆరంభమై, 2025 నాటికి అదియే దేశమంతటను వ్యాపించినది. మొదట 2030 నాటికని పెట్టుకొన్న గురి అయిదేండ్లు ముందుగనే నెరవేరినది.

దీనివలన ప్రయోజనము లేకపోలేదు. మనము వాడు ముడి చమురులో అధికభాగము విదేశములనుండి కొనుచున్నాము. కలిసిన ప్రతి లీటరు ఇథనాల్ అంతమేరకు ఆ కొనుగోలును తగ్గించును. చెరకు, మొలాసిస్, నూకలు, మొక్కజొన్న – వీనినుండి ఇథనాల్ తయారగుచున్నది. ఒక టన్ను మొక్కజొన్ననుండి సుమారు 380 లీటర్లు వచ్చును. అనగా మన రైతు పండించిన గింజకు క్రొత్త గిరాకి ఏర్పడినది. కావున ఇథనాల్‌ను దూషించుట నా ఉద్దేశము కాదు. క్రొత్త కోడలు ఇంటికి వచ్చినప్పుడు ఆమె స్వభావము తెలిసికొని మెలగిన ఇల్లు చక్కబడును. ఈ ఇంధనము కూడ అట్టిదే.

మూడు గుణములు

ఇథనాల్‌నకు మూడు గుణములు గలవు. ఈ మూడింటిని గుర్తుంచుకొన్నయెడల తక్కిన జాగ్రత్తలన్నియు వాటంతట అవియే బోధపడును.

మొదటి గుణము – నీటియందు మక్కువ. పెట్రోలును నీరును కలియవు. ఇథనాల్ అట్లు కాదు. నీటితో ఏ పాళ్లలోనైనను కలియును. 10 పాళ్ల ఇథనాల్ కలిసిన లీటరు పెట్రోలు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని, అనగా ఒక చిన్న చెంచాడు నీటిని తనలో ఇముడ్చుకొనగలదు. 20 పాళ్లదైనచో మరికొంత ఎక్కువ ఇముడ్చుకొనును. అంతవరకు కంటికి ఏమియు కనబడదు, ఇంజను కూడ నడచును. ఆ హద్దు దాటినంతనే, లేక రాత్రి చలికి ఇంధనము చల్లబడి ఇముడ్చుకొను శక్తి తగ్గినంతనే, నీరు ఇథనాల్‌ను తన వెంట లాగుకొని అడుగునకు దిగిపోవును. నేను సీసాలో చూచినది అదియే. ఒకసారి విడిపోయిన ఇంధనమును కుదిపినను, క్రొత్త పెట్రోలు పోసినను నమ్మి వాడుటకు పనికిరాదు.

గాలిలోని తేమ కూడ ఇథనాల్‌లో చేరును గాని, అది మిక్కిలి మెల్లగా జరుగును. నీరు ఎక్కువగా చేరు త్రోవలు వేరు: సరిగా బిగియని మూత, తడిసిన గరాటు, కడిగి ఆరబెట్టని డబ్బా, వానలో పెట్రోలు పోయుట. ఇవి అన్నియు మన చేతిలో నున్నవే.

రెండవ గుణము – తనలోనే ప్రాణవాయువు ఉండుట. ఇథనాల్ బరువులో నూటికి సుమారు 35 పాళ్లు ఆక్సిజనే. అందుచేత అది కాలుటకు బయటి గాలి తక్కువగా చాలును. ఒక కిలో పెట్రోలు కాలుటకు 14 కిలోలకు పైగా గాలి కావలెను; ఒక కిలో ఇథనాల్‌నకు 9 కిలోలు చాలును. నేటి మోటారు బండ్లలో పొగగొట్టమునందలి ఒక సాధనము కాలుటలోని హెచ్చుతగ్గులను కనిపెట్టి ఇంధనమును సరిచేయును. మన బ్రష్ కట్టరులో అట్టి ఏర్పాటు లేదు. దాని కార్బ్యురేటరులో సన్నని రంధ్రమొకటి యుండును. ఎట్టి ఇంధనము పోసినను ఆ రంధ్రము గుండ వచ్చునంతే వచ్చును. కావున ఇథనాల్ పాళ్లు పెరిగినకొలది గాలి ఎక్కువై, ఇంధనము పలుచనై, ఇంజను ఎక్కువ వేడిగా నడచును. ఈ చిన్న ఇంజనులను చల్లార్చునది గాలి మాత్రమే. చుట్టును గడ్డిపరకలు, దుమ్ము పట్టియున్నచో ఆ గాలియును అందదు.

మూడవ గుణము – కరగించు శక్తి. పాతకాలపు రబ్బరు గొట్టములు, బిరడా వాషర్లు, కొన్ని రకముల ప్లాస్టిక్కులు ఇథనాల్‌లో ఉబ్బి మెత్తబడును, ఆరినప్పుడు బిరుసెక్కి పగులును. నీరు చేరిన ఇథనాల్ కార్బ్యురేటరులోని అల్యూమినియమును తిని తెల్లని పొడిని మిగుల్చును; ఇత్తడి, జింకు భాగములకును హాని చేయును. పాత టాంకు గోడలకు ఏండ్ల తరబడి పట్టిన మడ్డిని కూడ విడదీసి ఫిల్టరులోనికి పంపును. పాత యంత్రములో ఈ పెట్రోలు మొదట పోసిన కొలది దినములకే ఇంజను ఆగిపోవుటకు తరచుగా ఇదియే కారణము. ఫిల్టరు మార్చినచో చాలు. ఇంజను విప్పనవసరము లేదు.

వీనికి తోడు ఒక లెక్క చెప్పెదను. లీటరు ఇథనాల్‌లో నున్న శక్తి లీటరు పెట్రోలులో నున్నదానిలో మూడింట రెండువంతులు మాత్రమే. కావున 20 పాళ్లు కలిసిన లీటరులో శక్తి నూటికి ఆరేడు పాళ్లు తగ్గును. పూర్వము ఒక టాంకుతో గంటసేపు నడచిన యంత్రము నేడు నాలుగు నిమిషములు ముందుగా ఆగిన, పనివాడు పెట్రోలు దొంగిలించెనని అనుమానపడకుడు. తనిఖీ సమయమున లెక్కలు చూచువారు కూడ ఈ తేడాను గుర్తింపవలెను.

ఇతర దేశముల అనుభవము

అమెరికా దేశములో ఇంటింటికి పచ్చిక బయలు ఉండును. గడ్డికోత యంత్రములు కోట్ల సంఖ్యలో గలవు. అచ్చట సామాన్యముగా అమ్ము పెట్రోలులో ఇథనాల్ 10 పాళ్లు. దానిని 15కు పెంపవచ్చునా యను ప్రశ్న వచ్చినప్పుడు 2008లో వారి ఇంధనశాఖకు చెందిన జాతీయ ప్రయోగశాలలు చిన్న ఇంజనులను 10, 15, 20 పాళ్ల పెట్రోలుతో నడిపి పరీక్షించినవి. పాళ్లు పెరిగినకొలది ఇంజనుల వేడి పెరుగుట వారు గమనించిరి. మరియొక అపాయము కూడ బయటపడినది. చేతితో పట్టుకొని గడ్డి కోయు కొన్ని యంత్రములలో, మీట నొక్కకుండ ఊరక నడచునప్పుడు ఇంజను వేగము పెరిగి, క్లచ్చు దానంతట అది పట్టుకొని, కోత భాగము తిరుగనారంభించినది.

2010, 2011 సంవత్సరములలో ఆ దేశపు పర్యావరణ సంస్థ 2001 మొదలు తయారయిన కార్లకు 15 పాళ్ల పెట్రోలును అనుమతించెను గాని, మోటారు సైకిళ్లకు, పడవలకు, తోట యంత్రములకు నిషేధించెను. బంకులలో ఆ పంపులపై ఈ హెచ్చరిక చీటీ అంటింపవలెనని నియమము చేసెను. దీర్ఘకాలము నిలువయుంచు యంత్రముల కొరకు ఇథనాల్ లేని పెట్రోలును అచ్చట డబ్బాలలో అమ్ముచున్నారు. బ్రెజిలు దేశములో 2015 నుండి 27 పాళ్లు, 2025 ఆగస్టు నుండి 30 పాళ్లు కలుపుచున్నారు. అచ్చటి బండ్లు ఆ ఇంధనమునకు తగినట్లు తయారగుచున్నవి గనుక నడచుచున్నవి. ఈ రెండు దేశముల అనుభవమును కలిపి చూచిన ఒక్క నీతి తేలును: ఇంధనమునకు తగిన యంత్రము ఉండవలెను, లేనిచో యంత్రమునకు తగిన జాగ్రత్త ఉండవలెను.

మన దేశములో సామాన్యపు బంకులో దొరకునది నేడు 20 పాళ్ల పెట్రోలే. మన చేతనున్న చిన్న యంత్రములలో అనేకము విదేశములనుండి దిగుమతియైనవి. వాని వెంటనిచ్చిన పుస్తకములలో 10 పాళ్లకు మించరాదని వ్రాసి యుండుట సామాన్యము. ఈ చిక్కులో మనము చేయదగినదేమి? వరుసగా చెప్పెదను.

నీటినుండి కాపాడుట

పెట్రోలును లోహపు డబ్బాలోనే తీసికొని రావలెను. మంచినీటి ప్లాస్టిక్కు సీసాలలో తెచ్చుట చాల ఊళ్లలో అలవాటైనది. అది అపాయకరము, దాహము గొన్న పిల్లవాడు నీరనుకొని త్రాగినచో ప్రాణమునకే ముప్పు. 1934 నాటి పెట్రోలియము చట్టము ప్రకారము, అమ్మకమునకు కాక స్వంత వాడుకకు లైసెన్సు లేకుండ ఉంచుకొనదగిన పెట్రోలు మొత్తము 30 లీటర్లు. లోహపు డబ్బా ఒక్కొక్కటి 25 లీటర్లకు మించరాదు. మూత గట్టిగా బిగియవలెను. పంచాయతీ పనికి 5 లీటర్ల డబ్బా ఒకటి రెండు చాలును.

డబ్బాపై తెచ్చిన తేదీని సుద్దతో వ్రాయుడు. నెలదినములలో వాడదగినంత మాత్రమే తెండు. నెల దాటినదానిని, నూనె కలపనిదైనచో, సీసాలో పోసి చూచి, తేటగా ఒకే పొరగా నున్నయెడల మోటారు సైకిలు వంటి బండి టాంకులో కొద్దికొద్దిగా కలిపి వాడి, ఆ సంగతి పుస్తకములో వ్రాయవచ్చును. రెండు పొరలైనదానిని ఏ యంత్రములోను పోయరాదు. దానిని కాలువలోను, బావి దగ్గరను పారబోయరాదు. పాత ఆయిలు సేకరించు వర్క్‌షాపునకు అప్పగింపుడు.

ఇచ్చట ఒక హెచ్చరిక. కొందరు పెట్రోలులో నీరు పోసి కుదిపి, అడుగునకు దిగిన ఇథనాల్‌ను తీసివేసి, పైదానిని శుద్ధమైన పెట్రోలని వాడుచున్నారు. పరీక్షకొరకు ఇట్లు చేయుట వేరు. కొలతగాజులో 90 మిల్లీలీటర్ల పెట్రోలునకు 10 మిల్లీలీటర్ల నీరు చేర్చి కుదిపి ఉంచినచో, 20 పాళ్ల పెట్రోలైనయెడల అడుగు పొర రెండింతలకు మించి పెరుగును. ఇథనాల్ ఉన్నదనుటకు అది నిదర్శనము. కాని అట్లు కడిగిన పెట్రోలును ఇంజనులో పోయరాదు. ఇథనాల్ ఆక్టేను విలువ 108 ప్రాంతమున ఉండును. కంపెనీలు ఆ బలమును లెక్కలోనికి తీసికొనియే పెట్రోలు తయారు చేయుదురు. దానిని తీసివేసినచో మిగిలిన పెట్రోలు బలహీనమై ఇంజనులో టకటక చప్పుడు పుట్టించును. తడి కూడ మిగిలియుండును.

నూనె కలుపుట

ఇంజనులు రెండు విధములు. ఫోర్ స్ట్రోక్ ఇంజనునకు నూనె వేరుగా, అడుగు భాగములో పోయుదురు. టూ స్ట్రోక్ ఇంజనునకు పెట్రోలులోనే నూనె కలుపవలెను. ఏ యంత్రము ఏ రకమో మూతపైనను, పుస్తకములోను వ్రాసి యుండును. చేతితో మోయు ఫాగింగు యంత్రములలో పిస్టను లేని పల్స్‌జెట్ రకము విస్తారముగా గలదు. దానికి పెట్రోలులో నూనె కలుపనక్కరలేదు. ఒకే డబ్బాలోని నూనె పెట్రోలును అన్ని యంత్రములలో పోయుట తప్పు. రెండు డబ్బాలుంచి, నూనె కలిపినదానికి ఎర్రరంగు గుర్తు పెట్టుడు.

కొలత విషయములో ఉజ్జాయింపు పనికిరాదు. 50కి 1 అని వ్రాసియున్నచో లీటరునకు 20 మిల్లీలీటర్లు. 40కి 1 అయినచో 25. 25కి 1 అయినచో 40 మిల్లీలీటర్లు. ఇథనాల్ ఉన్నది గదా యని నూనెను ఎక్కువ చేయకుడు. నూనె ఎక్కువైనకొలది పెట్రోలు పాలు తగ్గి మిశ్రమము ఇంకను పలుచనగును. టూ స్ట్రోక్ యంత్రములకు నీరు ఎంత శత్రువో ఇప్పుడు గ్రహింపగలరు. ఇంధనము రెండు పొరలైనప్పుడు నూనె పైనున్న పెట్రోలులోనే నిలుచును. ఇంజనునకు ఇంధనము పీల్చు గొట్టము టాంకు అడుగున ఉండును. అది నూనె లేని నీటి మద్యసారమును పీల్చును. నూనె అందని పిస్టను కొలది నిమిషములలోనే గీరుకొని పట్టివేయును. వేలకొలది రూపాయల ఖరీదుగల యంత్రము ఒక చెంచాడు నీటికి బలియైపోవును.

వేడినుండి, గాయమునుండి కాపాడుట

క్రొత్త పెట్రోలునకు మారిన యంత్రమును ఒకసారి తెలిసిన మెకానిక్కునకు చూపి, కార్బ్యురేటరును సరిచేయింపుడు. మరలు త్రిప్పి సరిచేయు వీలున్న రకములలో ఇంధనమును కొద్దిగా పెంచవచ్చును. ఆ వీలు లేనిచో గాలి ఫిల్టరును, సిలిండరు రెక్కలను దినదినము శుభ్రము చేయుడు. అరగంటకొకసారి ఇంజనును విశ్రమింపనిండు. ప్లగ్గు తీసి చూచిన, కొన గోధుమ వన్నెలో నుండుట మంచి గుర్తు. సున్నపు తెలుపులో నున్నచో ఇంజను అతివేడితో నడచుచున్నదని తెలియవలెను.

బ్రష్ కట్టరు విషయములో ఒక పరీక్ష తప్పనిసరి. ప్రతి దినము పని మొదలుపెట్టుటకు ముందు ఇంజనును నడిపించి, మీట వదలి, కోతరేకు నిలిచినదో లేదో చూడవలెను. మీట వదలినను రేకు తిరుగుచున్నయెడల ఆ యంత్రమును ఆ దినము వాడరాదు. ఊరక నడచు వేగమును మెకానిక్కుచే తగ్గింపించిన పిమ్మటనే వాడవలెను. ఆ రేకు కాలికి తగిలినచో ఎముక వరకు కోయును. పనివానికి కాలికి గట్టి బూట్లు, కంటికి అద్దములు, చేతికి తొడుగులు ఇచ్చుట పంచాయతీ ధర్మము. అతడు మన ఊరి బిడ్డయే గదా!

నడచి వేడెక్కిన యంత్రములో పెట్రోలు పోయరాదు. పది నిమిషములు ఆగి, బీడీ చుట్టలకు దూరముగా, ఆరుబయట పోయవలెను. దగ్గరలో ఒక బకెట్టు పొడి ఇసుక ఉంచుడు. మంట అంటుకొన్నచో నీరు చల్లకుడు. పెట్రోలు నీటిపై తేలి మంటను పరచును.

పని ముగిసిన ఋతువులో

నేను చెప్పినవానిలో ఒక్కటే గుర్తుండునన్నచో ఇది గుర్తుంచుకొనుడు. ఏ యంత్రమైనను నెలకు మించి వాడుక లేదని తెలిసినంతనే దానిలోని పెట్రోలును పూర్తిగా తీసివేయవలెను. టాంకు ఖాళీ చేసి, ఇంజనును మరల నడిపి, కార్బ్యురేటరులో మిగిలినది కూడ కాలి అదియే ఆగిపోవు వరకు ఉంచవలెను. ఏలయన, మిగిలిన పెట్రోలు ఆవిరియై సన్నని రంధ్రములలో బంక మిగులును. ఇథనాల్ తేమను పట్టి లోహమును తినును. మూత బిగించి, గుడ్డ కప్పి, నేలపై కాక బల్లపై, వాన జల్లు తగలని గదిలో ఉంచవలెను. దీనికి పట్టు కాలము పావుగంట. ఖర్చు ఏమియు లేదు. మొదట చెప్పిన ఊరిలో ఈ పావుగంట పని జరిగియున్నచో ఆ ఆరు దినములు వృథా కాకుండెడివి.

వానలకు ముందు, వైశాఖ జ్యేష్ఠములలోనే, ఫాగింగు యంత్రమును క్రొత్త పెట్రోలుతో ఒకసారి నడిపి చూడవలెను. జ్వరము వచ్చిన పిదప యంత్రమును వెదకుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట వంటిది.

గొట్టములు, వాషర్లు, కార్బ్యురేటరులోని పలుచని రబ్బరు పొర – ఇవి చవుక వస్తువులు. సంవత్సరమునకొకసారి చూచి, ఉబ్బినవి, బిరుసెక్కినవి మార్చుడు. మార్చునప్పుడు 20 పాళ్ల ఇథనాల్‌నకు ఆగు రకమునే అడుగుడు.

పంచాయతీ తీర్మానము

సభ్యులు స్వయముగా యంత్రము విప్పవలెనని నేను కోరుట లేదు. మీరు చేయవలసిన పని మూడు తీర్మానములు. ఒకటి: ప్రతి యంత్రమునకు ఒక పుస్తకము పెట్టి, పెట్రోలు తెచ్చిన తేదీ, పోసిన కొలత, నడచిన గంటలు, ఖాళీ చేసి భద్రపరచిన దినము వ్రాయింపుడు. రెండు: యంత్రమును ఒకే మనిషికి అప్పగించి, అతనికి ఒకదినము శిక్షణ ఇప్పింపుడు, చేతులు మారినకొలది బాధ్యత మాయమగును. మూడు: ఇకమీదట కొను యంత్రము 20 పాళ్ల ఇథనాల్ పెట్రోలుతో నడచుటకు తగినదని తయారీదారునిచే వ్రాతమూలకముగా తీసికొని, ఆ షరతును కొటేషనులోనే చేర్పుడు. "నడచునులెండి" యను నోటిమాట గ్యారంటీ గడువులో మనలను కాపాడదు. చిన్న ఆవరణల గడ్డికోతకు బాటరీతో నడచు యంత్రములు కూడ నేడు దొరకుచున్నవి. విద్యుత్తు సౌకర్యము చూచుకొని వానిని కూడ ఆలోచింపవచ్చును.

ముగింపు

మొన్న ఒక పెద్దమనిషి నన్ను ప్రశ్నించెను: "అయ్యా, ఇన్ని జాగ్రత్తలు కావలసిన పెట్రోలు మనకేల?" నేను చెప్పిన జవాబు ఇది: మన మొక్కజొన్న రైతునకు ధర రావలెనని మనము కోరుచున్నాము. ఆ గింజలో కొంత భాగము పెట్రోలు రూపమున తిరిగి మన ఊరికే వచ్చుచున్నది. దానిని గౌరవించి, దాని స్వభావమెరిగి వాడుకొనినచో రైతు బాగుపడును, యంత్రము నిలుచును. అజాగ్రత్తగా వాడినచో రైతుకు వచ్చిన రూపాయి మెకానిక్కు దుకాణములో పోవును.

తిరిగి వెళ్లిన వెంటనే ఆ వెనుకగది తలుపు తీయుడు. ఫాగింగు యంత్రపు టాంకు మూత విప్పి, అందులోనిదానిని ఒక గాజుసీసాలోనికి వంచి చూడుడు. ఒక పొర యున్నచో సంతోషము. రెండు పొరలున్నచో, ఆ పని నేడే తెలిసినందుకు సంతోషింపుడు. జ్వరములు వచ్చిన దినమున తెలియుటకంటె ఇది మేలు.